టైరు పుట్టిన వారం

మా ఆయన ఆరిన్‌కి నా మీదకంటే మా చక్రాల ఇల్లు మోటర్‌హోమ్ టైర్ల మీదే ప్రేమ ఎక్కువ. ఏప్రిల్లో, ఎండాకాలం గడిచేదాకా ఎడారి ఊరు యూమాలోని యార్డులో బండి వదిలి ఇంటికి వెళ్లేటప్పుడు చూడాలి ఆ హడావిడి! ఒక్కో చక్రం కింద చెక్క పలక, నిండా గాలి, ఎండ సోకకుండా తెల్లటి తొడుగులు. నా పుట్టినరోజు మాత్రం ఏటా మర్చిపోతాడు.

అక్టోబరు చివర్లో వచ్చి తొడుగులు తీశాం. టైర్లు అప్పుడే షాపు నుంచి తెచ్చినట్టున్నాయి. ఒక్క పగులు లేదు.

"నాలుగేళ్ల టైర్లంటే ఎవడైనా నమ్ముతాడా?" అని ఆరిన్ మీసం మెలేశాడు.

పక్క బండి డేల్, ముప్పై ఏళ్లు లారీలు తోలినవాడు, కాఫీ కప్పుతో వచ్చి వంగి చూశాడు. "నాలుగేళ్లా? కొన్ననాటి నుంచా, పుట్టిననాటి నుంచా?"

"కొన్ననాటి నుంచే. బిల్లుంది."

"బిల్లు కాదయ్యా, టైరు చూడు. దాని మీద అచ్చేసిన నంబరులో చివరి నాలుగంకెలుంటాయే, వాటిలో మొదటి రెండూ తయారైన వారం, తర్వాతి రెండూ ఏడాది. షాపులో పడున్నా టైరు ముసలిదవుతుంది. ఏడేళ్లు దాటితే పైకి బాగున్నా దారిలో పేలొచ్చు."

బయటివైపు అంకెల్లేవు. లోపలివైపు ఉంటాయన్నాడు డేల్. సాయంత్రానికి టూసాన్ చేరకపోతే అక్కడ బండి నిలుపుకోడానికి మేం బుక్ చేసుకున్న చోటు ఇంకొకరికి ఇచ్చేస్తారు. "ఈయన చాదస్తం వింటూ కూర్చుంటే అయినట్టే" అంటూ ఆరిన్ ఎక్కి ఇంజను స్టార్టు చేశాడు.

ముందు కుడి చక్రం సరిగ్గా నా సీటు కిందే. వేగంలో అది పేలితే నేల చీల్చుకుని నా కాళ్ల మీదికే వస్తుంది.

"ఇంజనాపు!" అని అరిచాను. ఆపాక టార్చి పట్టుకుని బండి కిందికి దూరాను. దుమ్ము తుడిస్తే కనబడింది: 0915. రెండువేల పదిహేను, తొమ్మిదో వారం.

"ఎనిమిదిన్నరేళ్లయ్యా ఇవి! నువ్వు కొనేనాటికే సగం ముసలివి!"

"నీ చత్వారం కళ్లకి అలాగే కనబడుతుంది. ఎక్కు, మెల్లగా పోదాం."

"నేనెక్కను."

నలభైనాలుగేళ్ల కాపురంలో ఆ మాట ఎన్నడూ అనలేదు. ఆయన స్టీరింగు పట్టుకుని నన్నే చూశాడు. నేను కదల్లేదు. డేల్ కాఫీ తాగడం మానేశాడు.

చివరికి ఆరిన్ గొణుక్కుంటూ దిగి, నా చేతిలో టార్చి లాక్కుని కిందికి దూరాడు. ఎంతకీ బయటికి రాడు.

"ఏమయ్యా, నేను చదివింది తప్పా?" అన్నాను.

"వెర్నా" అన్నాడు కింది నుంచి. "మొన్న ఏప్రిల్లో కొండ దిగేటప్పుడు నిద్రపోయావు చూడు, సరిగ్గా ఈ టైరు మీదే కాళ్లు చాపుకుని... హాయిగా పడుకుంది కదాని, తొందరగా చేరిపోదామని నేను ఇంకా వేగం పెంచాను."

నాకు తిట్టాలనే ఉంది. అయినా కంకర మీద కూలబడి బండి కింది నుంచి బయటికున్న ఆయన పాదం గట్టిగా పట్టుకున్నాను.