గూడూరుకు వెయ్యని కార్డు

పంకజాక్షి కథల పుస్తకం అచ్చయి మూడు నెలలైంది. కట్టలు మంచం కింద అట్లాగే ఉన్నాయి. తిరుపతి అంగడివాడు పది పుస్తకాలు తీసుకుని, నెల తిరక్కుండానే పదీ వెనక్కి పంపాడు. చిత్తూరు బడిలో పాఠాలు చెప్పి వచ్చి ఆ పిల్ల మంచం మీదే కూర్చునేది. కిందికి మాత్రం చూసేది కాదు.

"ఊరూరికీ కార్డులేస్తాను మా. కావాలన్నోళ్ళకు వీపీపీ పంపితే పోస్టాఫీసులో దుడ్డు కట్టి విడిపించుకుంటారు. ఈసారీ ఎవురూ అడక్కపోతే కట్టలన్నీ పాత కాగితాలోడికి ఏసేసి, రాసేది మానేస్తా" అంది ఒక ఆదివారం. కోపంగా అనలేదు. కూరకు ఏం తరగాలని అడిగినట్టు అంది. తల్లి జ్ఞానాంబకు భయమేసింది అందుకే.

ఆ ఇంట్లో అడ్రసులన్నీ ఒకచోట ఉన్నది ఒక్క నోటుబుక్కులోనే. పది నెలల కింద భర్త మునిరామయ్య పోయినప్పుడు, కర్మంతరం కార్డులకని జ్ఞానాంబ రాసిన జాబితా అది. నూట నలభై పేర్లు. కార్డు పోస్టు డబ్బాలో వేసిన ప్రతి పేరు పక్కనా ఒక గీత.

"అది వద్దు మే. మళ్ళీ ఈ ఇంటి కార్డే పోతే, ఈసారి ఎవురు పోయినారోనని సదవకుండానే వాకిట్లో సింపి పారేస్తారు" అంది జ్ఞానాంబ.

"ఇంకెవురుండారు మా మనకు?"

జ్ఞానాంబ నోటుబుక్కు తెచ్చి ముందు పెట్టుకుంది. అడ్రసులు తాను రాసింది. మంచి కబురని తెలియాలి గనక కార్డుల మూలలకు కూతుర్ని పసుపు పెట్టమంది. మొగుడు పోయిన చెయ్యి తగలకూడదని పసుపు గిన్నె ముట్టుకోలేదు. పది నెలలుగా ఆమె చేతులు పని చేస్తున్నాయి, ఆమె చూస్తూ ఉంటోంది. అంతే.

"పసుపు కార్డులు కట్టలుగా పోతాండాయి. మాకు సెప్పకుండా పాప పెండ్లామ్మా?" అన్నాడు పోస్టుమాన్ చిన్నబ్బ.

"పుస్తకానికప్పా" అంది జ్ఞానాంబ.

"మాపిళ్ళ ఎవురో? యా ఊరి పెండ్లికొడుకు?"

"వాణ్ణే ఎతకతా ఉండాము" అంది పంకజాక్షి.

పదిహేను రోజుల్లో వచ్చింది ఒక్క జవాబు. పూతలపట్టు నుంచి నాగరత్నమ్మత్త, ముహూర్తం రాయడం మరిచిపోయారని రాసింది. పంకజాక్షి దాన్ని మడిచి చూరులో దోపింది.

పదహారో రోజు గూడూరు నుంచి ఇన్‌లాండు కవరు వచ్చింది. నిమ్మకాయల మండీ పీరా సాహెబ్ రాసింది. మునిరామయ్యకు ముప్పయ్యేళ్ళ స్నేహితుడు.

"మునిరామయ్యన్నా, మా కూతురు రంజాన్‌బీ నికాకు నువ్వు రాలేదని కోపమొచ్చి ఇన్నాళ్ళూ జాబు రాయలేదు. పాప కార్డు చూసినాక కోపం పోయింది. ఐదు పుస్తకాలు పంపించు. ఒకదాని మీద నువ్వు కూడా సంతకం చెయ్యి. మా మండీకి వచ్చేవాళ్ళలో చదివేవాళ్ళు ఇరవై ముగ్గురి అడ్రసులు కింద రాసినాను. నా పేరు చెప్పి కార్డులెయ్యమను."

పంకజాక్షి రెండుసార్లు చదివి, నోటుబుక్కు తెరిచింది. "ఈయన పేరు పక్కన గీత ఉండాదే మా."

జ్ఞానాంబ లేచి, ట్రంకు పెట్టె అడుగున పరిచిన కాగితం కింద నుంచి ఒక కార్డు తీసింది. కర్మంతరం కార్డు.

"ఆ వారమే ఆ పిల్ల నికా. పెండ్లింట్లోకి ఇది పోయి, ఆ పిల్లకేమన్నా అయితే? తర్వాత ఏద్దామనుకున్నా. నువ్వు అడగతావని గీత మాత్రం పెట్టేసినా."

ఆ 'తర్వాత' అన్నది ఇంతవరకూ రాలేదు.

"ఇప్పుడు నిజం సెప్తే ఆ మనిషి కోపంతో, నా పేరు వాడొద్దంటాడేమో. ఆ ఇరవై ముగ్గురూ పోతే నువ్వు రాసేది మానేస్తావు" అంది జ్ఞానాంబ.

"అయితే నాయన సంతకం నేను పెట్టేదా?"

జ్ఞానాంబ కాసేపు నిజంగానే ఆలోచించింది. తర్వాత కొత్త కార్డు తీసుకుంది. మీ అన్న కాలం చేశారని, ఏ నాడో, కార్డు వెయ్యనిది తానేనని, పాపకు తెలియదని రాసింది. నాలుగు వాక్యాలే. పంకజాక్షి ఒక పుస్తకం మీద తన సంతకం పెట్టి, కింద నాయన సంతకానికి చోటు వదిలింది.

"పుస్తకాలు ఈపొద్దు పంపించు మే. కార్డు ఎల్లుండి ఏస్తా. రెండు దినాలన్నా ఆయన్ని నెమ్మదిగా సదువుకోనీ."

"మళ్ళీ తర్వాతేనా మా?" అని పంకజాక్షి చెయ్యి చాపింది. జ్ఞానాంబ కార్డు ఇచ్చింది. పుస్తకాలతో పాటే అదీ పోయింది.

ఆ పైన జ్ఞానాంబ రోజూ చిన్నబ్బ సైకిలు గంట కోసం వాకిట్లోనే కూర్చుంది. తొమ్మిదో రోజు మనియార్డరు వచ్చింది. పీరా సాహెబ్ వీపీపీ విడిపించుకున్నాడు. ఐదు పుస్తకాలూ. మాట మాత్రం ఒక్కటీ రాయలేదు.

"కోపమంటావా మే?"

"తెలీదు మా. వెనక్కి పంపలా." పంకజాక్షి నోటుబుక్కులో కొత్త పేజీ తెరిచి, ఇరవై ముగ్గురి పేర్లున్న కవరు దాని పక్కన పెట్టింది. పసుపు గిన్నె కూడా తెచ్చింది.

జ్ఞానాంబ మొదటి అడ్రసు రాసి, అలవాటు కొద్దీ పక్కన గీత పెట్టబోయింది.

"అది డబ్బాలో పడినాక" అంది కూతురు.