నేదా అక్క గుడ్డ

ఏప్రిల్ చివర్లో, మిరప నారు నాటిన నాలుగో రోజున, తెల్లవారేసరికి మంచు గడ్డకడుతుందని రేడియోలో చెప్పారు. మొక్కల మీద కప్పే నా గుడ్డను చలికాలంలో ఎలుకలు కొరికేశాయి. కంచె అవతల నేదా అక్క కొట్టంలో ఆమె గుడ్డ మడతపెట్టి ఉంటుందని నాకు తెలుసు. ఆమె ప్లొవ్‌దివ్‌లో కూతురింటికి వెళ్లింది. సోమవారం దాకా రాదు. ఆమె మళ్లలోనూ లేత నారు ఉంది. ఆ గుడ్డ తీసి ఆమె నారు మీదే కప్పి ఉండొచ్చు. కప్పలేదు. తెచ్చి నా మళ్ల మీద పరిచి, అంచుల మీద ఇటుకలు పెట్టాను. చివరి వరుసకు మాత్రం చాలలేదు.

పొద్దుగూకే వేళ బస్సు ఆగింది. దిగింది నేదా అక్కే. ఆ వార్త ఆమె కూడా విన్నట్టుంది, నేరుగా కొట్టంలోకి వెళ్లి ఉత్త చేతులతో బయటికొచ్చింది. నేను కిటికీ తెర వెనక నిలబడి చూస్తున్నాను. అప్పుడైనా వెళ్లి చెప్పాల్సింది. వెళ్లలేదు. ఆమె మంచం మీది బొంతలు, దుప్పట్లు మోసుకొచ్చి పరుస్తుంటే చూడలేక అవతలి గదిలోకి వెళ్లిపోయాను.

ఆమె లేవకముందే గుడ్డ తీసేద్దామని తెల్లవారుతుండగా బయటికి వెళ్లాను. గడ్డి తెల్లగా బిగుసుకుపోయి కాళ్ల కింద కరకరలాడింది. నా చివరి వరుస మీద ఎవరో ఉన్ని కోటు పరిచారు. అది నేదా అక్క భర్త, చనిపోయిన మెతోది వేసుకునేది. దాన్ని పరచాలంటే నా మడి పక్కన వంగాలి. వంగితే, ఆమె ఎర్ర దారంతో వేసుకున్న మాసికలు ఆ గుడ్డ మీద కనబడకుండా ఉండవు.

తల తిప్పేసరికి ఆమె కంచె దగ్గర ఉంది. ఆమె మళ్లలో బొంతలు చాలక మిగిలిన రెండు వరుసలు నల్లగా వాలిపోయాయి.

"అక్కా, ఆ గుడ్డ నేనే..."

"తెలుసులే వెల్కో. తడిసింది, ఆరేసి ఇవ్వు."

"నువ్వు ఊళ్లో లేవని..."

"నేను లేను. నా మొక్కలు ఉన్నాయిగా."

నన్ను తిట్టినా బాగుండేది.

ఎండ వచ్చాక నా మళ్లలో బలమైన రెండు వరుసలు మట్టిగడ్డలతో సహా తవ్వి, ఆమె మడిలో మోకాళ్ల మీద కూర్చుని నాటాను. వద్దనలేదు, మెచ్చుకోనూలేదు. అంత లోతు పెడితే మొదలు కుళ్లుతుందని మాత్రం చెప్పింది.

ఆగస్టులో ఆ మొక్కలకు కాసిన, కారం లేని లావు మిరపకాయలే కాల్చి, తొక్క తీసి, వెల్లుల్లి వేసి గిన్నెడు తెచ్చిచ్చింది. గిన్నె అందుకున్నాను గాని, ఆమె ముఖంలోకి చూడలేకపోయాను.