హొన్నూరప్ప ఇంటి నీడ

అరసికెరెలో మధ్యాహ్నం సంగటి తిన్నాక ఆడవాళ్ళు శనక్కాయలు ఒలుచుకోవడానికి హొన్నూరప్ప ఇంటి నీడకు పోయేవాళ్ళు. ఇల్లు లేదు, నీడ మాత్రం ఉండేది.

ప్లేగు వచ్చిన ఏడు ఊరంతా చేలల్లో గుడిసెలు వేసుకొని బతికింది. ఇళ్ళలో ఎండ పడితే రోగం చస్తుందని సర్కారు మనుషులు కప్పులు విప్పించారు. రోగం తగ్గాక అందరూ తిరిగొచ్చి ఎవరి కప్పు వాళ్ళు వేసుకున్నారు. హొన్నూరప్ప, అతని పెండ్లాం ఆ గుడిసెలోనే కన్నుమూశారు కాబట్టి వాళ్ళింటిని కప్పేవాళ్ళు లేకపోయారు. నాలుగు వానలకు మట్టిగోడలు కరిగి దిబ్బయ్యాయి. నీడకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదో ఏమో, అది మాత్రం పొద్దు పడమటికి వాలగానే రోజూ వచ్చి తన ముంగిట్లో తాను పడేది. ఎదురింటి ఎల్లక్క రోటిని ఆ నీడ తాకిందంటే పొయ్యి రాజెయ్యాలని వీధిలో అందరికీ ఒక గురుతు.

బాట పక్కన నలుగురు కూచునే మేర తప్పితే ఆ జాగా అంతా కంపే. నాగజెముడు, తంగేడు, జిల్లేడు, ఉమ్మెత్త ఒకదాని మీద ఒకటి ఎక్కి కూచున్నాయి. పక్కింటి కొల్లప్ప వేపచెట్టు రాల్చిన ఆకంతా గాలికి కొట్టుకొచ్చి మోకాటి లోతు పడి ఉండేది.

ఆ ఏడు ఉగాదికి పది రోజుల ముందు చంకలో చిన్న మూటతో కెంచమ్మ వచ్చింది. హొన్నూరప్పకు ఆమె ఒక్కతే కూతురు. ఊళ్ళో ఎలుకలు చచ్చి పడడం మొదలైనప్పుడు, ఏడేళ్ళ పిల్లను తండ్రి బండెక్కించి తిరుమణిలో ఉన్న మేనత్త ఇంటికి పంపించాడు. అక్కడే పెరిగింది, అక్కడే పెళ్ళయింది. మొగుడు పోయి రెండేళ్ళు. ఇప్పుడు మరిది ఇంట్లో గొడ్లకొట్టం మూల పడుకుంటోంది. ఎక్కడున్నా ఆమెకు చెయ్యడానికి పని దొరికేది గాని, నాది అనుకోవడానికి మూరెడు చోటు దొరకలేదు.

మేనత్త మంచిదే. కోపమొస్తే మాత్రం ఒక మాట అనేది: "మీ అమ్మానాయనా నిన్ను తోలేసి, తలుపు మూసుకొని పోయినారు." ఆ మాట కెంచమ్మ కడుపులో ఇరవై ఎనిమిదేళ్ళుగా అట్లాగే ఉంది.

ఆమె నేరుగా పటేలు ఈశ్వరప్ప అరుగు ముందుకు పోయి నిలబడింది. గడ్డివాము వేసుకోవడానికి అదే జాగా కావాలని కొల్లప్ప అంతకు ముందే అడిగి ఉన్నాడు. అతనూ వచ్చి ఓ పక్కన కూచున్నాడు.

"చూడు తల్లీ," అన్నాడు ఈశ్వరప్ప. "ఊరొదిలి పోయేవాళ్ళు రెండు తలుపులూ మూసి, గడపకు మొక్కి పోతారు. అట్లా పోయినోళ్ళ జాగా ఊరిదవుతాది. ఇంటి మనిషి బయట ఉంటే మటుకు పెరటి తలుపు మూయరు, ఆ మనిషి వచ్చినాకనే మూస్తారు. ఇది మన ఊరి కట్టు. మీ నాయన ఏం చేసినాడో చూసినోళ్ళు ఎవరన్నా ఉండారా?"

కెంచమ్మ తల అడ్డంగా ఊపింది.

"మూసే పోయినారని మా నాయన చెప్పినాడప్పా," అన్నాడు కొల్లప్ప.

"సరే. కంప కొట్టి చూడండి. తలుపు చెక్కో, గొళ్ళెమో దొరికితే తెలుస్తాది. ఉగాదికి సర్కారు భూమి లెక్కలు రాసే శేకదారు క్యాంపు వస్తాడు, ఆయన ముందర జాగా ఒకరి పేరున రాయించాల."

"ఆమెనే కొట్టనీప్పా," అని కొల్లప్ప నవ్వాడు. "నా గడ్డివామికి నేల సాపు అవుతాది."

కెంచమ్మ ఎల్లక్క ఇంట్లో దిగింది. ఆ సాయంత్రం కంప పక్కన ఇంత పసుపు చల్లి, "రేపు కొడవలి పెడతా, పిల్లాజెల్లా ఉండేవాళ్ళు తావు చూసుకోండి," అని పాములకూ తేళ్ళకూ తొండలకూ చెప్పింది. చెప్పకుండా కొట్టడం ఆ పక్క ఎవరికీ అలవాటు లేదు. ఉన్న తావు పోగొట్టుకోవడం ఎట్లా ఉంటుందో ఆమెకు తెలుసు కాబట్టి, ఆ మాట రెండుసార్లు చెప్పింది.

తెల్లవారి మొదలుపెట్టింది. పంగలకర్రతో కంపను ఎత్తిపట్టి, మొదట్లో కొడవలి వేసి, లాగి కుప్ప వేసేది. ఆకును తట్టలతో ఎత్తి కొల్లప్ప ఎరువు దిబ్బలో పోసేది.

"నా దిబ్బలో ఏల పోస్తాండావు?" అన్నాడు కొల్లప్ప.

"నీ చెట్టు ఆకే గదన్నా. నీకే చేరాల."

మరునాడు కొల్లప్ప పెండ్లాంతో ఒక ముంత మజ్జిగ పంపించాడు. పంపించింది తానేనని చెప్పొద్దన్నాడు. ఆమె చెప్పేసింది.

సాయంత్రాలు ఎల్లక్క సూదితో కెంచమ్మ చేతుల్లో ముళ్ళు తీసేది. "ఏమన్నా దొరికిందామ్మే?" అని అడిగేది. ఏమీ దొరకలేదు. తలుపుల చెక్కను చెదలు ఎప్పుడో మట్టి చేసేశాయి. గొళ్ళేలను ఎవరో ఏరుకొని పోయారు. ఎనిమిది రోజులకు జాగా అంతా సాపయింది. గోడల దిబ్బకు ముందర, సరిగ్గా నడిమధ్యన, మనిషెత్తు నాగజెముడు పొద ఒకటే మిగిలింది. దాని మీద కొడవలి ఆడలేదు. కెంచమ్మ పక్కన కూలబడి, "దొరకదు లే," అనుకుంది. మరిది కొట్టం మూల కళ్ళముందు కనిపించి ఏడుపొచ్చింది.

ఉగాది ముందు రోజు, సంగటి పొద్దు దాటాక, కొల్లప్ప ఇనప గడారి తీసుకొని వచ్చాడు.

"లెయ్యమ్మా. ఇది ఆడమనిషి వల్ల అయ్యే పని కాదు. ఎట్లా నా గడ్డివాము ఈడనే గదా," అని మాట కప్పిపుచ్చుకుంటూ పొద కింద గడారి పోటేశాడు. ఇద్దరూ కలిసి ఎత్తారు. వేర్లతో సహా పొద పక్కకు దొర్లింది.

అప్పటికే పొద్దు వాలింది. హొన్నూరప్ప ఇంటి నీడ, ఇన్నేళ్ళకు మొదటిసారి కంప అడ్డం లేకుండా, ఉత్త నేల మీద నిండుగా పరుచుకుంది. దూలం చివర, చూరు అంచు, అన్నీ తెలుస్తున్నాయి. నీడ నడుమ ఒక మనిషి పట్టేంత వెడల్పున ఎండ చార నిలువునా పారి, బాట దాటి ఎల్లక్క రోటిని తాకింది. ఇన్నేళ్ళూ ఆ చారను కంప మింగేస్తూ వచ్చింది.

శనక్కాయలు ఒలుస్తున్న ఎల్లక్క లేచి నిలబడింది. "పెరటి తలుపులో నుంచి వస్తాండాది ఎండ. ముంగిలి తలుపూ తెరిచే ఉండాది. యాడ మూసినారు వీళ్ళు?"

కొల్లప్ప గడారి కింద పెట్టాడు. "మా నాయన చూసుండడు కెంచమ్మా," అన్నాడు మెల్లగా. "గడ్డలరోగం వచ్చిన ఇంటి దగ్గరికి ఎవరు పోతారు? మూసుంటారని అనుకొని చెప్పినాడు."

కెంచమ్మకు ఆ మాటలు సగమే వినబడ్డాయి. తనను పంపించి తలుపు మూసుకోలేదు, తన కోసం తెరిచిపెట్టి పోయారు. ఆమె పోయి ఆ ఎండలో కూచుంది, చేతులు నేలకు ఆనించి, చిన్నపిల్ల మాదిరి బిగ్గరగా ఏడ్చింది.

పటేలు వచ్చి చూసి, "కొల్లప్పా, గడ్డివామికి ఇంకో తావు చూసుకో," అన్నాడు. "చూసుకున్నాలేప్పా," అన్నాడు కొల్లప్ప. మరునాడు శేకదారు కెంచమ్మ పేరు రాసుకొని పోయాడు.

గోడలకు మట్టి తొక్కింది కొల్లప్ప ఎద్దులే. చార పడిన వరుసలోనే రెండు తలుపులూ నిలిపారు. ఇల్లు లేచాక పాత నీడ, కొత్త నీడ ఒకదాంట్లో ఒకటి సరిపోయాయి.

ఇంట్లోకి చేరిన రోజు మధ్యాహ్నం, వచ్చినవాళ్ళంతా తిని బయటికి పోయాక, కెంచమ్మ పెరట్లోకి పోయి కాళ్ళు కడుక్కొని లోపలికి వచ్చింది. తర్వాత పెరటి తలుపు దగ్గరగా లాగి మూసింది.

ముంగిట్లో నీడ నడుమ ఉన్న ఎండ చార ఆరిపోయింది. శనక్కాయలు ఒలుస్తున్న ఆడవాళ్ళు తలెత్తి చూశారు. "పాప ఇల్లు చేరిందే," అని ఎల్లక్క తన చాట తీసుకొని, చార ఉన్న చోటికి జరిగి కూచుంది.