చెంపలు పూడ్చుకున్న వజీర్

మానవ శరీరంలో చెంపను మించిన బాధ్యతారహితమైన అవయవం మరొకటి లేదు. కన్ను చూస్తుంది, ముక్కు పీలుస్తుంది, చెవి వద్దన్నా వింటుంది. చెంప మాత్రం ఏ పనీ చేయక, పనిచేసేవాటి నడుమ దర్జాగా కూర్చుని, యజమానికి కష్టకాలం రాగానే అందరికంటే ముందుగా లోపలికి తప్పుకుంటుంది.

ఎల్లారెడ్డి వాస్తవ్యుడు వజీర్ చెంపలు అలాగే తప్పుకున్నాయి. అతడు ఏళ్ల తరబడి సౌదీలోని దమ్మాంలో ఇనుప చువ్వలు కట్టిన మనిషి. తొంభై రెండులో కంపెనీ మూతపడి ఇంటికి చేరాడు. ఆ వేసవిలోనే కామెర్లు వచ్చి, పోతూ పోతూ రెండు చెంపలనూ వెంట తీసుకుపోయాయి. ఆ గుంటల ముఖంతోనే ఫోటో దిగి, గడువు తీరిన పాస్‌పోర్టు స్థానంలో కొత్తది తెప్పించుకున్నాడు. అందులో అతని వయసు ముప్పై ఎనిమిది. అసలు వయసు యాభైకి చేరువలో ఉంది. గల్ఫ్ పోయేవాడి పుట్టిన సంవత్సరాన్ని కన్నతల్లి కాక ఏజెంటు నిర్ణయించడం ఆ ప్రాంతపు ఆచారం. వజీర్‌కు కామారెడ్డి ఏజెంటు లింబాద్రి మొదటి పాస్‌పోర్టు నాడే ఆ పుణ్యం కట్టుకున్నాడు. పాస్‌పోర్టులను విమానాశ్రయం గేటు దాకా ఏజెంటే తన సంచిలో దాచుకోవడం రెండవ ఆచారం.

"వజీర్ భాయ్, కొత్త కంపెనీ మనిషి బొంబాయిల ఇంటర్వ్యూ పెట్టిండు," అన్నాడు లింబాద్రి. "నలభై లోపటోళ్లే కావాల్నంట. కాయితమేమో ముప్పై ఎనిమిదంటది, నీ మొకం అరవై అంటది. ఆయన ఎవరి మాట వినాలె?"

"కాయితం మాట వినుమను, అన్నా."

"పోయినసారి నీ అసొంటోన్ని చూసి టీబీ ఉన్నదా అని అడిగిండు. మొకం నింపుకొని రా."

"మంచిగ తిని నింపుకుంట."

"నీ పెయ్యికి తిండి అంటెటాల్లకు ఇంటర్వ్యూ అయిపోతది. శుక్రారం శుక్రారం పట్నం డాక్టరు వస్తుండు, గా మందుల దుకాణం మీది గదిల. సూదితోని చెంపలు నింపుతడంట."

ఆ విధంగా, ఒక శుక్రవారం నాడు, కామారెడ్డిలోని ఆ మేడగదిలో ఒక అపూర్వ స్వయంవరం జరిగింది. వరుడిని కోరుకోవలసినది వజీర్ చెంప. చెలికత్తె స్థానంలో, బురఖా మేలిముసుగు ఎత్తి, అతని భార్య నూరున్నీసా కూర్చుంది. డాక్టరు రాకుమారులను ఒక్కొక్కరినే పరిచయం చేశాడు.

మొదటిది సొంత కొవ్వు. పొట్ట నుండి తీసి చెంపలో పెట్టాలి. డాక్టరు వజీర్ పొట్టను రెండు వేళ్లతో పట్టుకోబోయి, చర్మం తప్ప మరేదీ చిక్కక, క్షమాపణ చెప్పాడు. రెండవది సిలికాన్, నూనె వంటి ద్రవం. ఒకసారి ఎక్కితే చచ్చేదాకా ఉంటుంది. ఒక్కోసారి గడ్డ కడుతుంది, చోటు మారుతుంది, తీయడం ఎవరి తరమూ కాదు. మూడవది కొల్లాజెన్. విదేశం నుండి మంచుపెట్టెలో వస్తుంది. ఒంటికి పడుతుందో లేదో తేలడానికి ముందుగా ముంజేతిపై ఒక చుక్క ఎక్కించి, నెల రోజులు ఓపిక పట్టాలి. నాలుగైదు నెలల్లో దానంతటదే ఒంట్లో కరిగిపోతుంది.

"దేంతోని చేస్తరు సాబ్ దీన్ని?" అని వజీర్ మూడవ వరుడి కులగోత్రాలు అడిగాడు.

"పశువుల చర్మం నుంచి."

"హలాల్ చేసిన పశువేనా?"

అంతవరకు అన్నిటికీ సమాధానం చెప్పిన శాస్త్రం మొదటిసారి తల గోక్కుంది. "సీసా మీద రాయలేదయ్యా."

"అయితే నూనెదే పెట్టుండ్రి. ఒక్కపారి పెట్టిచ్చుకుంటే జిందగీ అంత ఉంటది."

"అజీ, గది మాత్రం వద్దు," అన్నది నూరున్నీసా.

"ఎందుకు?"

"మీరు నా తాన ఉన్నదెన్నడు? ఫోటో చూసుకుంటనే సంసారం చేసిన. ఇగ మీ సొంత మొకం గూడ ఎన్నటికీ రాకుంట పోతే, నేనెవ్వరి కోసం ఎదురుచూడాలె?"

"సరే తియ్యి. నౌకరి దొరికిందాక ఉంటే చాలు," అన్నాడు వజీర్. నోటి గుండా పోనిది తిన్నట్టు కాదని తనకు తానే తీర్పు చెప్పుకుని, మూడవ వరుడికి వరమాల వేశాడు. ఖర్చుకై ఇంటి ముందున్న రెండు పాడి బర్రెలూ సంతకు తరలిపోయాయి. పశుసంపద ఇల్లు విడిచి, నెల తిరిగేసరికి సూది ద్వారా చెంపల్లోకి తిరిగి వచ్చింది.

బొంబాయిలో కంపెనీ మనిషి ఆ చెంపలను చూసి, ఒక్క ప్రశ్న కూడా వేయక తల ఊపాడు. లింబాద్రి సంచిలోని పాస్‌పోర్టుపై వీసా పడింది. విమానాశ్రయం గేటు దగ్గర అది వజీర్ చేతికి వచ్చింది. దానిని తెరిచి, ఫోటోనూ మనిషినీ పక్కపక్కన పెట్టి చూసిన మొదటి వ్యక్తి లోపలి ఇమిగ్రేషన్ కౌంటరులోని అధికారి.

"ఎవరిదిది? మీ అబ్బాజాన్‌దా?"

"నాదే సాబ్. అప్పుడు కామెర్లయినయి."

"రాసిన వయసు ముప్పై ఎనిమిది. ఫోటోలో ఉన్నాయనకు అరవై. ముందర నిలబడ్డవాడికి నలభై. ముగ్గురూ ఒక్క టికెట్ మీదే పోదామనుకున్నారా?"

వరుసలో ఉన్నవాళ్లు నవ్వారు. వజీర్ ఊపిరి బిగబట్టి చెంపలను లోపలికి పీల్చి, ఫోటోలోని మనిషి తానేనని నిరూపించబోయాడు. అవి కదలలేదు. డాక్టరు పని గట్టిది. అధికారి పాస్‌పోర్టు తిరిగిచ్చి, వచ్చిన దారినే వెనక్కి పంపాడు.

"కొత్త ఫోటోతోని పాస్‌పోర్టు మార్పియ్యాలంటే వీసా గడువు దాటిపోతది," అన్నాడు కామారెడ్డిలో లింబాద్రి. "ఆ చెంపలే తీపిచ్చుకోరాదు?"

తీయడం కుదరదని, కరిగేదాకా ఆగవలసిందేనని డాక్టరు చెప్పాడు. చేతికి వచ్చినా అక్కరకు రాని ఆ పాస్‌పోర్టును లింబాద్రి మొదటిసారిగా యజమాని దగ్గరే వదిలాడు.

ఎల్లారెడ్డిలో వజీర్ అద్దం ముందు కూర్చుని, బర్రెలను అమ్మి కొన్న చెంపలు ఎప్పుడు పోతాయా అని ఎదురుచూశాడు. రంజాను కాని దినాలలో కూడా పస్తులున్నాడు. నూరున్నీసా బీడీల చాట ముందేసుకుని కూర్చుంది. బర్రెలు పోయాక ఇల్లు గడిచేది ఆమె కత్తిరించే ఆకుతోనే.

ఒకనాటి పొద్దున ఆమె కత్తెర పక్కన పెట్టి, పాస్‌పోర్టు తెచ్చి, అతని ముఖం పక్కన పట్టింది.

"అజీ, జర వెలుతురుకు తిరుగుండ్రి." ఆమె ఫోటోను చూసింది, ముఖాన్ని చూసింది. "అచ్చం మీరే."

వీసా గడువు అంతకుముందు గురువారంతో తీరిపోయింది.