బందీపూర్ అడవిలో మా ఆయన కేక

మా ఆయన కామాక్షయ్య గొంతు గురించి ముందే చెప్పాలి. లేకపోతే ఆ రోజు బస్సులో జరిగినదానికి మీరంతా నన్నే గయ్యాళి అనుకుంటారు. మైపాడు దగ్గర మా ఊళ్లో పెద్ద వల వేసేటప్పుడు మగాళ్లంతా పడవెక్కితే, ఈయన మాత్రం ఇసుక దిబ్బ మీద నిలబడతాడు. నీళ్ల రంగు మారడం చూసి చేపల గుంపు ఎటు పోతోందో కనిపెట్టి, తుండుగుడ్డ గిరగిరా తిప్పుతూ ఒక్క కేక పెడతాడు. ఆ కేకకు పడవ అటు తిరుగుతుంది. కనబడీ కనబడగానే అరవకపోతే చేప చేజారినట్టే. ఊళ్లో ఈయన కళ్లకూ గొంతుకూ అంత గౌరవం.

వేసవిలో రెండు నెలలు వేటకు పోకూడదని సర్కారు ఆపుతుంది కదా. ఆ రెండు నెలలూ ఈ మహానుభావుడు ఇంట్లో కూర్చుని నా పులుసుకు వంకలు పెడుతుంటాడు. ఈసారి మైసూరులో కాపురముంటున్న మా అమ్మాయి రోజారమణి ఫోన్ చేసి, "అమా, నాయన్ను తీసుకోని రా. బందీపూర్ పోయి ఏనుగుల్ని చూసొద్దాం" అంది. నేను ఎగిరి గంతేశాను.

ఎందుకంటారా? నా చిన్నప్పుడు మా ఊరికి ఒక ఏనుగును తోలుకొచ్చారు. అది తొండం నెత్తిన పెట్టి దీవిస్తుంటే పిల్లలంతా కేరింతలు కొట్టారు. నేను మాత్రం దాని కాలికున్న గొలుసు చూసి వెక్కివెక్కి ఏడ్చాను. గొలుసు లేని ఏనుగును, పిల్లతో తిరుగుతుంటే, ఒక్కసారి కళ్లారా చూడాలని అప్పటినుంచీ నా కోరిక. పెళ్లయిన కొత్తలో మా ఆయనకు చెబితే పడీపడీ నవ్వాడు. మళ్లీ ఎవరికీ చెప్పలేదు.

బందీపూర్ చేరిన మొదటిరోజు సాయంత్రం సఫారీ బస్సెక్కాం. ఎవరూ లేవకూడదు, అరవకూడదు అని డ్రైవరు ముందే చెప్పాడట. రోజారమణి మాకు తెలుగులో చెప్పింది. ఈయన బుద్ధిమంతుడిలా తలూపాడు. అరగంట తిరిగినా జింకలు, మళ్లీ జింకలు, ఆ తర్వాత ఇంకా జింకలు. ఆకలేసి, మురుకుల కోసం కాళ్ల దగ్గరున్న సంచిలోకి వంగాను.

"హోయ్! హో...య్! అదిగో! ఎడంపక్క! ఎడంపక్కకి తిప్పండిరా!"

బస్సంతా అదిరిపడింది. మా ఆయన సీటు మీద నిలబడి తుండుగుడ్డ తిప్పుతున్నాడు. నేను తలెత్తేసరికి అటుపక్క ఊగుతున్న కొమ్మలు తప్ప ఏమీ లేవు. మిగతావాళ్లకు కనీసం ఏనుగుల తోకలన్నా కనబడ్డాయి. నాకు మురుకులు మిగిలాయి. డ్రైవరు బస్సాపి వెనక్కి తిరిగి ఏదో అన్నాడు. అది ఏ భాషయినా అర్థమయ్యే మాటే.

"ఏందయ్యా ఇది? అడివిలో వలేస్తుండావా?" అన్నాను.

"కనపడినాయి, అరిచినాను. అలవాటు గదా మేయ్!"

"నీ అలవాటు తగలెయ్య! ఇన్నేళ్లు కాసుకోనుంటే నా నోట్లో మట్టి కొట్టినావు గదయ్యా!"

రాత్రి భోజనం దగ్గర నేను ఆయన మొహం చూడలేదు. మర్నాడు పొద్దున ఇంకొక్క సఫారీకి టికెట్లున్నాయి. అది కాగానే తిరుగు ప్రయాణం. అప్పుడు కనబడకపోతే ఇక ఈ జన్మకు లేనట్టేనని నాకు తెలుసు.

పొద్దున్నే బస్సెక్కగానే తుండుగుడ్డ కొస మడిచి ఆయన చేతిలో పెట్టాను. "నోట్లో కుక్కుకో. తీసినావంటే ఇక్కడే దింపేసి పోతా!"

రోజారమణి కడుపు పట్టుకుని నవ్వింది. పాపం, ఆయన కుక్కుకున్నాడు.

ఈసారి నేను సంచి ముట్టుకోలేదు. రెప్ప కూడా వేశానో లేదో. మంచు విడిపోయింది. నెమళ్లు కనిపించాయి, ఒక ముంగిస రోడ్డు దాటింది. ఏనుగు జాడ లేదు. బస్సు వెనక్కి తిరిగింది. గేటు దగ్గరపడుతోందని రోజారమణి మెల్లగా అంది. నాకు దుఃఖం పొంగుకొచ్చింది. అమ్మాయికి కనబడకూడదని తల వంచుకున్నాను.

నా గడ్డం కింద ఒక చెయ్యి పడింది. వల మోకులు లాగి కాయలు కాసిన మోటు చెయ్యి. మా ఆయన నా మొహాన్ని పైకెత్తి, మెల్లగా ఎడమవైపుకు తిప్పాడు. గుడ్డ ఇంకా నోట్లోనే ఉంది. కళ్లు మాత్రం వెలిగిపోతున్నాయి. చూస్తే వెదురుపొద తప్ప నాకేం కనబడలేదు. ఇంకొంచెం తిప్పాడు.

వెదుళ్ల మధ్య తల్లి ఏనుగు నిలబడి ఉంది. దాని పొట్ట కింద బుజ్జి పిల్ల! దుమ్ము ఎత్తి వీపు మీద పోసుకోబోయి తన మొహం మీదే పోసుకుంది. తల్లి నాలుగు కాళ్లూ చూశాను. పిల్ల కాళ్లు కూడా చూశాను. ఎక్కడా గొలుసు లేదు. అమ్మయ్య! నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి నాకు.

రోజారమణి డ్రైవరు భుజం తట్టింది. బస్సు చప్పుడు లేకుండా ఆగింది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

"అమా, అందరూ మిమ్మల్నే చూస్తుండారు" అని రోజారమణి నా చెవిలో గొణిగింది.

నలుగురిలో నా పక్కన కూర్చోవడానికే సిగ్గుపడే మనిషి, ఆ మాట విని గబుక్కున చెయ్యి తీసెయ్యబోయాడు. నేను గట్టిగా పట్టుకున్నాను.

"చూడనీ" అన్నాను.

తల్లీ పిల్లా వెదురు దాటి నీళ్లవైపు వెళ్లిపోయేదాకా ఆ చేతిని వదల్లేదు.