రాయిని మాత్రం కాల్చొద్దు

పొద్దున ఏడున్నరకి ఐర్లండ్‌లో డాక్టర్ హనుమత్ప్రసాద్ ఇంట్లో డ్యూటీ మారుతుంది. పక్కింటి బ్రీడా కళ్లజోడు తుడుచుకుంటూ వీడియో గేము పెట్టె ముందున్న కుర్చీలోంచి లేస్తుంది. ఆ కుర్చీ చల్లబడేలోపే ఆయన అందులో కూర్చుని బొత్తాల మీద వేళ్లు పెడతాడు. రాయి బుద్ధిగానే ఉందని ఓ మాట చెప్పి, టీ తాగిన కప్పు తనే కడిగి బోర్లించి, బ్రీడా పెరటి తలుపు గుండా వెళ్లిపోతుంది. డెబ్భై ఏళ్ల మనిషి. ముప్పై ఏళ్లు ఈ స్లైగో ఊళ్లో ఇంటింటికీ ఉత్తరాలు పంచిన దాన్ని, తెల్లారకుండా లేవడం నాకొక లెక్క కాదంటుంది.

ఫ్రిజ్ తలుపు మీద ఆ వారం రోస్టరు అంటించి ఉంటుంది. ఆసుపత్రిలో వార్డు డాక్టర్లకి వేసినట్టే వేశాడాయన. ఎవరెప్పుడు కూర్చోవాలో, రాలేకపోతే ఎవరికి ఫోన్ చెయ్యాలో అంతా ఉంటుంది. ఇంటి నుంచి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకునే శ్యాం మధ్యాహ్నాలు వస్తాడు, మీటింగులు చెవిలో పెట్టుకుని. ఆసుపత్రిలో నర్సు ఎస్తేరమ్మ తనకి డ్యూటీ లేని రాత్రులు చూసుకుంటుంది. కూతురు నవీన మెయ్‌నూత్‌ యూనివర్సిటీలో చదువుతోంది, వారం వారం రైలెక్కి వచ్చి శనివారం కూర్చుంటుంది. కాగితం అడుగున ఎర్ర ఇంకుతో ఒక హెచ్చరిక: "పళ్లెం ఓడ వస్తే కాల్చండి. రాయిని మాత్రం కాల్చొద్దు."

ఒకసారి మీటింగులో తన బాసు మీద కోపం వచ్చి శ్యాం కాల్చే బొత్తం గట్టిగా నొక్కేశాడు. వెంట్రుకవాసిలో తప్పింది. హనుమత్ప్రసాద్ ఆ వారమంతా అతన్ని ఇంటి గడప తొక్కనివ్వలేదు. వాళ్లావిడ పులిహోర పట్టుకొచ్చి బతిమాలితే గానీ పేరు మళ్లీ ఎక్కలేదు.

నలభై ఏళ్ల కిందటి ఆట అది. నల్ల తెర మీద తెల్ల గీతలు. మధ్యలో చిన్న త్రికోణం, అదే మన ఓడ. చుట్టూ రాళ్లు తేలుతుంటాయి, అప్పుడప్పుడూ పళ్లెంలాంటి శత్రువు ఓడ వచ్చి మన మీద కాలుస్తుంది. పెద్ద రాయిని కాలిస్తే రెండవుతుంది, ఆ ముక్కల్ని కాలిస్తే ఇంకా చిన్నవవుతాయి. అన్నీ అయిపోతే తెర ఒక్క క్షణం ఖాళీ అయి, అంతకంటే ఎక్కువ రాళ్లు వచ్చి పడతాయి. ఎంత ఆడినా గెలవడమంటూ లేదు. ఆయన భార్య గిరిజాకుమారికి ఈ ఆటంటే ప్రాణం. తెనాలిలో వాళ్ల నాన్న వీడియో గేముల షాపు నడిపేవాడు, పదో తరగతికొచ్చేసరికి ఆమెని ఓడించే మగపిల్లాడు ఊళ్లో లేడు. ఇక్కడ సముద్రం ఒడ్డున ఒక పాత ఆటల హాలు మూసేస్తుంటే అందులో ఈ పెట్టె కనపడింది. సోఫా తీయించి మరీ ఇంట్లో పెట్టించుకుంది. డాక్టరుగారికి మాత్రం ఆ విద్య అబ్బలేదు.

మార్చిలో గిరిజకి వారం, మహా అయితే పది రోజులు అన్నారు. క్లోమంలో పుట్టిన క్యాన్సరు కాలేయానికి పాకింది. మంచాన్ని హాల్లోకి తెచ్చారు. ఒక ఆదివారం భోజనాలయ్యాక ఆమె ఆడుతోంది, తెర మీద ఒకే ఒక్క చిన్న రాయి మిగిలింది. "కాస్త పట్టుకోండి, నొప్పి మాత్ర వేసుకుంటాను. కాల్చకండి, తప్పుకుంటూ ఉంటే చాలు" అంది. ఆయన పట్టుకున్నాడు. మాత్ర మింగి పడుకున్న మనిషి మళ్లీ లేవలేకపోయింది. రేపు ఆడతాను, అలాగే ఉంచమంది. ఆయన అలాగే ఉంచాడు.

మర్నాడు చూస్తే తోడు పెట్టిన పాలు పాలలాగే ఉన్నాయి. గురువారానికీ అంతే. వాడిపోవాల్సిన కొత్తిమీర వాడలేదు. గిరిజ మాట్లాడుతోంది, నవ్వుతోంది, తల దువ్వుకోలేదని నవీనని కసురుతోంది, జబ్బు మాత్రం ఆదివారం దగ్గరే నిలబడిపోయింది. ఇంటికొచ్చే నర్సు పరీక్ష చేసి, మార్పేమీ లేదని ఫైల్లో రాసుకుంది. తర్వాత తెర వంక చూసి, రాత్రిళ్లు దీన్ని ఎవరు చూస్తారని అడిగింది. ఆ సాయంత్రమే ఆయన మొదటి రోస్టరు వేశాడు.

వారం అన్నది ఏడు నెలలైంది. అక్టోబరులో తుఫాను వస్తుందని, కరెంటు పోవచ్చని రేడియోలో చెప్పగానే బ్రీడా తమ్ముడు ట్రాక్టరు వెనక జనరేటరు తగిలించుకొచ్చి, గాలి మొదలవకముందే తీగ కలిపి వెళ్లాడు. హనుమత్ప్రసాద్ ఆ ఏడు నెలలూ ఎంత సంతోషంగా ఉన్నాడో చెప్పలేం. ఆయన ముసలివాళ్ల డాక్టరు. ఇరవై ఏళ్లుగా ఎన్ని కుటుంబాలనో పక్కగదిలో కూర్చోబెట్టి, ఇక చాలు, పోనిద్దాం అని చెప్పినవాడు. తన ఇంటి మీదికి వచ్చేసరికి ఆ మాట ఆయనకి గుర్తే రాలేదు. నొప్పి పదిలో ఎంత అని నర్సు అడిగితే గిరిజ "నాలుగు, గ్రాండ్" అనేది, బానే ఉన్నానని ఇక్కడివాళ్లు అనే మాటలో. ఆ మాట ఆయనకి వీపు వెనక నుంచి వినపడేది. ఆమె కోసమే కూర్చుంటూ, రోజూ ఆమెకి వీపు పెట్టి కూర్చున్నాడు పిచ్చి మహరాజు.

అక్టోబరు ఆఖరి శనివారం మధ్యాహ్నం రెండింటికి నవీన వంతు. ఆ పిల్ల కుర్చీ దగ్గరికి రాలేదు. ఫ్రిజ్ దగ్గరికి వెళ్లి, రోస్టరులో తన పేరు కొట్టేసింది.

"ఏంటమ్మా, ఒంట్లో బాలేదా?" అన్నాడు తెర మీంచి చూపు తిప్పకుండా.

"ఐ కాంట్ డూ ఇట్ ఎనీమోర్, నాన్నా. ఆ ట్యాబ్లెట్ సంగతి అమ్మని అడుగు."

ఏ మాత్ర అని ఆయన గిరిజని అడిగాడు. రాయి ఏటవాలుగా వస్తోంది, ఓడని పక్కకి జరిపాడు. గిరిజ, నాన్న చోట కూర్చోమని కూతురికి చెప్పింది. ఆయన ఇటు తిరగాలి, ఆ కాసేపే అంది. నవీన ఏడుస్తూనే కూర్చుంది. చాలా నెలల తర్వాత పట్టపగటి వెలుతురులో ఆయన భార్య మొహాన్ని తిన్నగా చూశాడు. పెదవి లోపలి వైపు కొరికి కొరికి పుండైపోయి ఉంది.

"ఆ ఆదివారం వేసుకున్న మాత్ర ఇంకా పని చెయ్యలేదండీ" అంది.

ముప్పావు గంటలో పని చేసే మాత్ర. ఇంట్లో పాలు తోడుకోవడం లేదని తెలిసీ, మాత్ర మాత్రం కరుగుతుందని ఎలా అనుకున్నాడో ఆయనకి అర్థం కాలేదు. నాకెందుకు చెప్పలేదని అడిగాడు.

"అంత సంతోషంగా కూర్చుంటిరి. ఎలా చెప్పను?"

ఐర్లండ్ వచ్చిన కొత్తలో ఇక్కడి ఇంగ్లిషుకి నోరు తిరగక, రోగుల బంధువులకి చెప్పాల్సిన మాటలు ఆయన భోజనాల బల్ల దగ్గర ఆమెతో ప్రాక్టీసు చేసేవాడు. ఆమె ఒకరోజు కూతురయ్యేది, ఒకరోజు మొగుడయ్యేది, ఏడ్చి సతాయించేది. చెప్పేవాడు ఎక్కడ కూర్చోవాలో, ఎక్కడ ఆగాలో అన్నీ ఆమెకి కంఠతా వచ్చు. ఇప్పుడు ఆయన చెయ్యి పట్టుకుని మంచం మీద కూర్చోబెట్టింది.

"ప్రసాద్ గారూ, ఇవాళ నేను డాక్టర్ని. మీ ఆవిడకి చెయ్యాల్సిందంతా చేశారు. ఇంత బాగా చూసుకున్న వాళ్లని నేను చూళ్లేదు. ఇప్పుడు మనం పొడిగిస్తున్నది ఆవిడ నొప్పినండీ."

బంధువులు ఎప్పుడూ అడిగేదే ఆయనా అడిగాడు.

"ఇంకొక్క వారం ఆగుదామా?"

"అందరూ అదే అడుగుతారు" అంది గిరిజ.

ఆయన ఆమె అరచేతిలో మొహం పెట్టుకుని పసిపిల్లాడిలా ఏడ్చాడు. ఆమె ఆయన జుట్టు నిమురుతూ చెప్పింది. తనే కాల్చేదట, వేలికి బొత్తం నొక్కే సత్తువ లేదట. ఆయన లేని వేళల్లో శ్యాంనీ, ఎస్తేరమ్మనీ, బ్రీడానీ ఒక్కొక్కరినే అడిగి చూసిందట. అది మా చేతుల్లో పని కాదని అందరూ మర్యాదగా తప్పుకున్నారట. "మీరే చెయ్యాలండీ" అంది.

నవీన లేచి వెళ్లి మంచమెక్కి, తల్లి వెనక కూర్చుని, ఆమెని తన ఒంటికి ఆనించుకుంది. హనుమత్ప్రసాద్ కుర్చీలో కూర్చున్నాడు. రాయి ఎడమ అంచున మాయమై కుడి అంచున మళ్లీ వచ్చింది. కాల్చాడు. తప్పింది. మళ్లీ కాల్చాడు. ఏడు నెలలు తప్పుకోవడానికే అలవాటుపడ్డ చేతులు, పైగా కళ్లనిండా నీళ్లు. గుళ్లన్నీ నల్లటి తెరలో ఎటో పోయాయి.

వెనక నుంచి సన్నగా నవ్వు వినపడింది. ఎన్నాళ్లయిందో ఆ నవ్వు విని.

"అలా గుడ్డిగా కొట్టకండి. నేను చెప్తాను. ఎడమకి తిప్పండి. ఇంకా. ఎక్కువైంది, కొంచెం ఇటు. ఆ, చాలు."

"ఇప్పుడా?"

"తొందరేం? రానివ్వండి. దాని ఎదురుగా కాదు, అది రాబోయే చోటికి పెట్టండి." ఊపిరి కూడదీసుకుంది. "ఇప్పుడు."

ఆయన నొక్కాడు. రాయి పగిలి నాలుగు చుక్కలై ఆరిపోయింది. తెర ఖాళీ అయింది. ఆయన వీపు వెనక ఒక పొడుగాటి ఊపిరి వదిలిన చప్పుడు.

"హమ్మయ్య. పనిచేసిందండీ మాత్ర."

అంతలోకే తెర నాలుగు మూలల నుంచీ పెద్ద పెద్ద రాళ్లు బయల్దేరాయి. వెనక మంచం కిర్రుమంది. నవీన తల్లిని మెల్లిగా దిండు మీదికి దించుతోంది. దుప్పటి సర్దిన చప్పుడు కూడా ఆయనకి వినపడింది. డాక్టరు కదా, ఆ నిశ్శబ్దం ఏమిటో ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు. అయినా వెనక్కి తిరగలేదు. ఒక రాయి నేరుగా ఓడ మీదికే వస్తోంది.

"గిరిజా, ఎటు తిప్పను?" అని అడిగి, ఆమె చెబుతుందని బొత్తాల మీద వేళ్లు పెట్టుకుని ఆగాడు.