నేలమీది జోడీ

నేను ఒక ప్లాస్టిక్ పలకను. గాజులా తేటగా, రెండు వేళ్ల మందాన ఉంటాను. ఆకాశంలో నుంచి కంటికి కనపడని కణాలు ఎప్పుడూ కురుస్తూనే ఉంటాయి, కాస్మిక్ కిరణాలంటారు. వాటిలో ఒకటి నాలోంచి దూసుకుపోతే చిన్నగా మెరుస్తాను. ఆ మెరుపును కొలిచే గొట్టం నన్ను అంటిపెట్టుకునే ఉంటుంది. ఇంతకుమించి నాకేమీ చేతకాదు. అబద్ధమాడడం అసలే చేతకాదు.

హైదరాబాదులో ఒక ప్రయోగశాలలో, ఒకే పోతలో పుట్టాం నేనూ, నా కవలా. మమ్మల్ని సాకింది వకుళ. పదకొండేళ్లుగా కాంట్రాక్టు మీద పనిచేస్తున్న టెక్నీషియను. వెలుతురు పొడ సోకకుండా మమ్మల్ని నల్లకాగితంలో చుట్టేది, పసిబిడ్డను పొత్తిళ్లలో చుట్టినట్టు, మూలలు నొక్కి మరీ. తర్వాత బల్లమీద పెట్టి, పైకప్పులోంచి దిగివచ్చే కణాల కోసం ఇరవై రోజులు కాచుకుంది. ఒకే రకం కణానికి నేను వంద పాళ్లు మెరిస్తే, నా కవల నూట ముప్పై మెరిసింది. ఎవరి అంకెలు వాళ్ల ఫైల్లో రాసింది. ఎవరి మెరుపును వాళ్ల అంకెతోనే చదవాలి. లేకపోతే తేలిక కణం బరువైనదిగా కనిపిస్తుంది. కాలిబ్రేషనంటే ఇంతే.

"ఎక్కువ మెరిసేది అంతరిక్షానికెళ్తుంది. నువ్వు నాతో ఇక్కడే ఉండు. పైది తప్పు చెప్తే పట్టుకోవాల్సింది నువ్వే," అంది వకుళ. నాకు గర్వమేసింది.

ప్రయాణానికి ముందు పూజ పెట్టుకున్నారు. దుమ్ము చొరనివ్వని గదిలో ఉన్న నా కవల దగ్గరికి పసుపు కుంకుమలు రానివ్వరు కదా! దాని బదులు నన్ను పీటమీద కూర్చోబెట్టారు. నా ఫైలూ నాతోపాటే వచ్చింది. పంతులుగారు నాకూ, నా ఫైలుకూ బొట్టు పెట్టారు. ఫైళ్ల అట్టలమీద అప్పటికింకా పేర్లు రాయలేదు. ఏది ఎవరిదో వకుళకు తెలుసు, అదే చాలనుకున్నారు. మధ్యాహ్నం మా అధిపతి రంగనాయకులుగారు వచ్చి, బొట్టున్న ఫైలే వెళ్లేదానిదనుకున్నారు. పూజ జరిగింది వెళ్లేదానికే కదా మరి! నా అంకెలు నా కవల పేరుతో పైకెక్కాయి. నా కవల ఫైలు మీద నా పేరు పడింది. వకుళ అప్పుడు ప్రసాదం పంచుతోంది.

నాలుగు నెలలయ్యాక పైనుంచి గొప్ప వార్త వచ్చింది. ఎవరూ ఊహించనంత బరువైన కణాలట! రంగనాయకులుగారి ఫోటో పేపర్లలో వచ్చింది. బయటి నిపుణులు మాత్రం అనుమానపడి, నేలమీది జోడీని, అంటే నన్ను, మళ్లీ కొలిచి చెప్పమన్నారు.

వకుళ నన్ను మళ్లీ బల్లమీద పెట్టింది. వంద. ఎప్పటిలాగే వంద. నా పేరున్న ఫైలు తెరిచింది. అందులో నూట ముప్పై ఉంది. ఫైలునూ నన్నూ పట్టుకుని రంగనాయకులుగారి గదికెళ్లింది.

"సార్, ఫైళ్లు తారుమారయ్యాయి. పైదాన్ని దీని అంకెలతో చదువుతున్నాం. బరువు కణాల్లేవు, గిరువు కణాల్లేవు సార్."

రంగనాయకులుగారు లేచి తలుపు వేసొచ్చారు. "వకుళమ్మా, ప్లాస్టిక్కు పాతబడితే మెరుపు తగ్గుతుందా, లేదా?"

"తగ్గుతుంది సార్. ఏళ్లు పడుతుంది."

"దీనికి తొందరగా తగ్గిందని రాయి. నీ పర్మనెంటు కాగితాలు నా టేబులు మీదే ఉన్నాయి. సోమవారం పంపిద్దామనుకుంటున్నా."

"ఇది బాగానే ఉంది సార్."

"మరి మనం బాగుండొద్దా?"

నేను నిశ్చింతగానే ఉన్నాను. నన్ను పొత్తిళ్లలో చుట్టిన చెయ్యి నామీద నింద రాస్తుందని ఎలా అనుకుంటాను? మనుషుల లోపలిది కొలిచే గొట్టం నాకు లేదు. 'నేలమీది పలక వయసు వల్ల మసకబారింది. కొలతకు పనికిరాదు' అని రాసి సంతకం పెట్టింది వకుళ. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. సోమవారం ఆమె ఉద్యోగం ఖాయమైంది.

నన్ను సందర్శకుల గదిలో పెట్టారు. నా మెరుపులు పక్కనున్న తెరమీద కనిపిస్తాయి. వచ్చినవాళ్లకు చూపించేది వకుళే. మొన్న ఒక స్కూలు టీచరమ్మ నా ముందు చాలాసేపు నిలబడింది.

"పాడైపోయిందని రాశారేంటి మేడమ్? చక్కగా మెరుస్తోందిగా!"

"మెరుస్తుందండీ. దాని మాట నమ్మడానికి లేదంతే," అంది వకుళ. అని, నా వెనకున్న స్విచ్చి ఆపడానికి చెయ్యి పోనిచ్చింది. దారికి అడ్డంగా ఉన్నది నేనే. అయినా నాకు తగలకుండా, ఆ చేతిని చుట్టూ తిప్పి మరీ ఆపేసింది.